ఖాళీ కుర్చీకి పెట్టుకున్న లీవు

డిగ్రీలో నేను సోషియాలజీ చదివాను. ఈ మాట చెప్పగానే మా ఆఫీసులో ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఒకటే: "మరి ఐటీలోకి ఎలా వచ్చారు?" అదేదో నేను గోడ దూకి వచ్చినట్టు. అయినా మాది కోడు రాసే కొలువు కాదు లెండి. ఎక్కడో విదేశంలో ఎవరికో ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేరితే, వాళ్లు ఇన్సూరెన్సుకు పెట్టుకున్న కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇక్కడ నానక్‌రామ్‌గూడ అద్దాల మేడలో కూర్చుని చూసే కొలువు. వాళ్ల జబ్బుల మీద మాకున్నంత శ్రద్ధ వాళ్ల సొంత డాక్టర్లకు కూడా ఉండదేమో.

కాలేజీలో మా మేడమ్ బ్యూరోక్రసీ పాఠం చెబుతూ, "పదవి వేరు, మనిషి వేరు. మనుషులు వస్తారు, పోతారు. పదవి మాత్రం ఉంటుంది. అదే దాని గొప్పతనం" అనేవారు. నేనూ అక్షరం పొల్లుపోకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ గొప్పతనమేమిటో కళ్లతో చూడడానికి మాత్రం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా రావలసి వచ్చింది.

చూడవలసినవి ఇక్కడ చాలానే ఉన్నాయి. మా దగ్గర కులాల్లేవు, పట్టింపుల్లేవు, అందరం ఒకే కుటుంబం. ఈ మాట ప్రతి సమావేశంలోనూ మైకు పట్టుకుని చెబుతారు కాబట్టి నిజమే అయి ఉండాలి. కాకపోతే ఆ కుటుంబంలో పర్మనెంటు వాళ్ల మెడలో నీలం తాడు, కాంట్రాక్టు వాళ్ల మెడలో పసుపు తాడు. పసుపు తాడు వాళ్లు దీపావళి ఫోటోలో చివరి వరుసలో నిలబడాలని ఎవరూ చెప్పలేదు. వాళ్లే వెళ్లి నిలబడతారు. క్యాంటీన్లో గోదావరి జిల్లాల వాళ్ల బల్ల వేరు, మన తెలంగాణ వాళ్ల బల్ల వేరు, హిందీ వాళ్ల బల్ల వేరు. పచ్చడి సీసా మాత్రం మూడు బల్లలకూ తిరుగుతుంది. ఇక అసలు నిర్ణయాలు జరిగే చోటు పై అంతస్తులోని మీటింగు గది అనుకునేరు. కాదు, కింద షేర్ ఆటోలు ఆగే చోట ఉన్న టీ కొట్టు. సిగరెట్టు తాగే మేనేజర్లంతా అక్కడే తేల్చుకుని పైకొచ్చి, మమ్మల్ని అభిప్రాయాలు అడుగుతారు.

మా టీమ్‌లో జనగామ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. పేరు రాయను. ఆమె పేరుకు ఇప్పటికే జరగాల్సినంత జరిగింది. మహా చురుకు, నోరు కూడా అంతే. కంపెనీ అంటే వల్లమాలిన నమ్మకం. ఉత్తమ ఉద్యోగి అని ఇచ్చిన ప్లాస్టిక్ కప్పును ఇంట్లో టీవీ పక్కన దేవుడి పటాల కంటే ఎత్తులో పెట్టుకుంది. నేను టీమ్ లీడ్‌ని, అంటే తిట్లు తినే హక్కున్నదాన్నే తప్ప సంతకం చేసే హక్కున్నదాన్ని కాదు. సెలవు కావాలంటే నా పైన ఉండే మేనేజరు ఒప్పుకోవాలి.

ఆమెకు ఏడో నెల వచ్చాక ప్రసూతి సెలవుకు సిస్టమ్‌లో దరఖాస్తు పెట్టుకుంది. సరిగ్గా అంతకు ముందే మా కంపెనీకి పునర్వ్యవస్థీకరణ అనే పూనకం వచ్చింది. మా మేనేజరు సారును బెంగళూరు పంపించేశారు. ఆయన వెళ్లిపోయాడు గానీ ఆయన పదవి మాత్రం మా అంతస్తులోనే ఉండిపోయింది. పదవికో గది, గదిలో ఓ కుర్చీ. హౌస్‌కీపింగ్ వాళ్లు రోజూ వచ్చి ఆ కుర్చీని తుడిచేవాళ్లు. ఏసీ కూడా ఆడుతుండేది. కుర్చీకి చెమట పట్టకూడదు కదా!

"అక్కా, నా లీవు ఎవరి దగ్గర ఆగింది?" అని అడిగిందా పిల్ల. ఇద్దరం సిస్టమ్‌లో చూశాం. దరఖాస్తు మేనేజరు దగ్గర పెండింగు అని ఉంది. మేనేజరు పేరు ఉండాల్సిన చోట 'ఖాళీ' అని ఉంది.

"గిదేందక్కా, ఖాళీ అంటే ఎవరు? గాయన ఎప్పుడొస్తడు?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికింకా నవ్వొచ్చేది.

హెచ్ఆర్‌లో మాకు ఒకావిడ ఉండేది. విజయవాడ వైపు మనిషి, మర్యాదకు పెట్టింది పేరు. ఆవిడ నోట్లోంచి 'అండి' రాని వాక్యం నేను వినలేదు. వెళ్లి సంగతి చెప్పాను.

"డెలిగేషన్ పెడితే, అంటే ఆయన బదులు ఇంకొకరికి ఆ పని అప్పగిస్తే, సరిపోతుందండి. కానీ ఆ ఆప్షన్ మేనేజర్ లీవ్‌లో ఉంటేనే ఎనేబుల్ అవుతుందండి. మీ మేనేజర్ లీవ్‌లో లేరు కదండి."

"అసలు మేనేజరే లేడు కదా మేడమ్!"

"అదేనండి నేను చెప్పేది. లేనివాళ్లు లీవ్‌లో ఉండరు కదండి."

ఎటు తిప్పి చూసినా ఆవిడ మాటలో తప్పు దొరకలేదు. ఒక టికెట్ రైజ్ చేయమంది. మా దగ్గర ఏ కష్టం వచ్చినా దానికో టికెట్ నంబరు ఇస్తారు. నంబరు పడ్డాక కష్టం మనది కాదు, కంపెనీది. అలా అని వాళ్లే అంటారు. సాయంత్రానికల్లా నా టికెట్ 'పరిష్కరించబడింది' అని మూసేశారు. పరిష్కారం ఏమిటయ్యా అంటే, సంబంధిత మేనేజరును సంప్రదించవలసిందని. కింద ఐదు నక్షత్రాలు ఇచ్చి, మా సేవ ఎలా ఉందో చెప్పమన్నారు. నేను చెప్పింది ఆ పెట్టెలో పట్టలేదు.

చట్టం ప్రకారం ఆ సెలవు ఆమె హక్కు. దాన్ని ఎవరూ కాదనలేదు కూడా. ఇవ్వబోమని ఒక్కరూ అనలేదు. అందరూ ఇస్తామన్నవాళ్లే. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారి కూడా సరే అన్నాడు గానీ, గంట కొట్టే మనిషి పోస్టు భర్తీ కాలేదు.

మా బల్ల దగ్గర నా తోటి లీడ్ ఒకాయన, "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? ఆ అమ్మాయే ఊరుకుంది కదా" అన్నాడు. ఊరుకోక ఏం చేస్తుంది పాపం, పొట్ట పట్టుకుని ఏడంతస్తులు ఎక్కి దిగుతుందా?

ఎనిమిదో నెల నిండకుండానే ఒక పొద్దున నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, నొప్పులొస్తున్నయ్. దవాఖానకు పోతున్నం. లీవు సంగతి జర చూడు." నొప్పులు పడుతూ లీవు సంగతి రాసిన మనిషిని నేను మా కంపెనీలోనే చూశాను. నేను ఆ మెసేజ్‌ను ఉన్నదున్నట్టు హెచ్ఆర్‌కు పంపాను. "త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామండి" అని జవాబొచ్చింది.

ఆడపిల్ల పుట్టింది. చిన్న ప్రాణం, కొన్నాళ్లు గాజు పెట్టెలో ఉంచాల్సి వచ్చింది. తల్లి ఆ పెట్టె పక్కనే కూర్చునేది. ఈ లోపు మా సిస్టమ్ తన పని తాను చేసుకుపోతూ ఉంది. సెలవు ఒప్పుకోలేదు, మనిషి రాలేదు, కాబట్టి గైర్హాజరు. రోజుకో హెచ్చరిక ఆమె ఆఫీసు మెయిల్‌కు వెళ్లింది. ఆ మెయిల్ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే తెరుచుకుంటుంది. ఆ ల్యాప్‌టాప్ ఆఫీసు సొరుగులో ఉంది. హెచ్చరికలకు జవాబు రాలేదు కాబట్టి ఆఖరికి ముద్ర వేశారు: అబ్‌స్కాండింగ్.

ఈ మాట బయటివాళ్లకు తెలియకపోవచ్చు. చెప్పాపెట్టకుండా ఉద్యోగం వదిలి మాయమైపోయినవాళ్లకు వేసే ముద్ర అది. ఒకసారి పడిందంటే ఈ ఐటీ కారిడార్‌లో ఇంకెవరూ ఉద్యోగం ఇవ్వరు. కొత్త కంపెనీ వాళ్లు పాత కంపెనీని అడుగుతారు, పారిపోయిన మనిషి అని వీళ్లు చెబుతారు, అంతటితో తలుపు మూసుకుంటుంది. ఆ పిల్ల సంపాదన మీదే వాళ్ల ఇల్లు సగం నడిచేది. భర్త కోకాపేటలో ఓ టవర్ దగ్గర లిఫ్టులు బిగించే పనిలో ఉండేవాడు, అదీ పని ఉన్నప్పుడే.

ముద్ర పడిన రోజే మా అంతస్తులో కేకు కోశారు. అవును, కేకే. మాకు ఉల్లాస కమిటీ అని ఒకటుంది. వాళ్ల పని మేమంతా సంతోషంగా ఉన్నామా లేదా చూసుకోవడం. వాళ్ల జాబితాకు హెచ్ఆర్ జాబితాతో సంబంధం లేదు. గులాబీరంగు బెలూన్లు కట్టి, 'మా కుటుంబంలోకి చిన్ని తారకు స్వాగతం' అని తెర మీద వేసి, ఆమె ఫోటో పెట్టి చప్పట్లు కొట్టారు. పారిపోయిన మనిషికి ఇంత ఘనంగా పండుగ చేసిన సంస్థ ఇంకోటి ఉంటుందా, చెప్పండి? హెచ్ఆర్ ఆవిడ కూడా వచ్చి చిన్న ముక్క తింది. "సో స్వీట్ అండి" అంది, కేకునో పాపనో తెలియదు.

ఉత్తరం మాత్రం రిజిస్టర్ పోస్టులో ఆమె శాశ్వత చిరునామాకు, అంటే జనగామ దగ్గర అత్తగారి ఊరికి వెళ్లింది. పక్కింటి పంతులుగారు చదివి అర్థం చెప్పాడట. అత్తగారు ఆ ఉత్తరం పట్టుకుని కోడలి దగ్గరికొచ్చి, కోడలి ఫోన్‌లోంచి నాకు చేసింది.

"మేడమూ, మా కోడలు కంపెనీ ఇడిసిపెట్టి ఫరార్ అయిందని రాసిన్రట గద. ఊరంత ఒకటే ముచ్చట. మంచంల పండుకున్న పిల్ల యాడికి ఫరారైందో జర మీరన్న చెప్పున్రి."

నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. అప్పుడు వరసగా ఉత్తరాలు రాశాను. హెచ్ఆర్‌కు, వాళ్ల పైవాళ్లకు, ఆ పైవాళ్లకు. అందరూ ఎంతో సానుభూతితో ఒకరికొకరు పంపుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా నయమే, వాడు కనీసం మన బుగ్గలైనా చూస్తాడు.

ఆపైన జరిగినదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆడిట్ వాళ్లు వచ్చి, ఇంతకాలం ఒక పదవి ఖాళీగా ఉండడం పద్ధతి కాదన్నారు. మనుషులు లేకపోతే ఫరవాలేదు గానీ పదవి ఖాళీగా ఉండకూడదట. వెతికితే నేను కనిపించాను. తాత్కాలిక మేనేజరునని మెయిల్ వచ్చింది. జీతం అదే, పని రెండింతలు, గది మాత్రం నాది. అభినందనలంటూ ఉల్లాస కమిటీ ఓ పూలకుండీ పంపింది.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి పొద్దున్నే సిస్టమ్ తెరిచాను. నా ఆమోదం కోసం ఎదురుచూస్తున్న వాటిలో అన్నిటికన్నా పైన ఉన్నది ఆ పిల్ల లీవు దరఖాస్తే. 'ఆమోదించు' అన్న దాన్ని నొక్కాను. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది: ఈ ఉద్యోగి మా సంస్థలో లేరు.

వెంటనే లేచి హెచ్ఆర్ అంతస్తుకు వెళ్లి ఆవిడ ఎదుట కూర్చున్నాను. అపాయింట్‌మెంట్ ఉందా అండి అని అడిగింది. లేదండి, తేలేదాకా లేవనండి అన్నాను. నాకూ 'అండి' వచ్చేసింది. లోపలికీ బయటికీ తిరిగి, ఎవరెవరితోనో మాట్లాడి, చివరికి ఒక మార్గం తెచ్చింది. అబ్‌స్కాండింగ్ ముద్ర తీసేస్తారు. దాని బదులు, ఆ అమ్మాయే తన ఇష్టప్రకారం ఉద్యోగం మానేసినట్టు పాత తేదీ వేసి ఒక రాజీనామా రాసిస్తుంది. మంచి సర్టిఫికెట్ ఇస్తారు. భవిష్యత్తు బాగుంటుంది.

"విన్ విన్ అండి," అంది ఆవిడ. ఆవిడ నిజంగానే సంతోషించింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. అదే నా బాధ. మా దగ్గర ఒక్క చెడ్డ మనిషి దొరికినా పట్టుకుని నాలుగు తిట్టేదాన్ని.

ఆదివారం ఆ కాగితం తీసుకుని తెల్లాపూర్ వెళ్లాను. పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల వెనక, పాత ఊళ్లో రెండు గదుల కిరాయి ఇల్లు. పాప చీర ఉయ్యాల్లో పడుకుని ఉంది. అత్తగారు చాయ్ పెట్టి ఇచ్చింది. నేను సంగతంతా చెప్పాను, ఉద్యోగం పోయినా ముద్ర పోతుందని, వేరే చోట దొరుకుతుందని. అలా చెబుతుంటే నా గొంతు నాకే హెచ్ఆర్ ఆవిడ గొంతులా వినిపించింది.

ఆ పిల్ల కాగితం చదివింది. మళ్లీ చదివింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

"నేను రాయనక్కా."

"రాయకపోతే ఆ ముద్ర అట్లనే ఉంటది బిడ్డా. ఎవ్వరూ కొలువియ్యరు."

"ఉండనియ్యి. ఫరారైందని వాళ్లు రాసిన్రు. అది వాళ్ల అబద్ధం, వాళ్ల మీదనే ఉంటది. నా అంతట నేను పోయిన్నని నా చెయ్యితోని రాస్తే, గది నా అబద్ధమైతది. నేనెందుకు రాయాలె? నేను కొలువిడిసిపెట్టలే. పిల్లను కన్న, అంతే."

అత్తగారు పొయ్యి దగ్గర నుంచే, "మా కోడలు రాయదు మేడమూ, పంచాయితి పెట్టి ఒప్పియ్యకున్రి" అంది. ఆ ఇంట్లో ఈ విషయం మీద ఇదివరకే మాట అయిపోయినట్టుంది.

"లేబర్ ఆఫీసుల కంప్లైంటు పెట్టినమక్కా," అంది పిల్ల. "ఎల్లుండి రమ్మని పిలిచిన్రు. నేను లీవు పెట్టిన్ననీ, నొప్పులొచ్చిన పొద్దు నీకు చెప్పిన్ననీ నువ్వొచ్చి చెప్తవా? ఇప్పుడు నువ్వు మేనేజర్‌వి. వస్తవో రావో నీ ఇష్టం. నేను పరేషాన్ చెయ్య."

వస్తానన్నాను. దారి పొడుగునా ఆటోలో భయపడుతూనే వచ్చాను. అబద్ధమెందుకు, చాలా భయమేసింది. నా ఇంట్లోనూ నా జీతంతోనే నడిచే లెక్కలున్నాయి. రేపు నా మెడలో తాడు లాక్కుని, నాకూ ఒక ముద్ర వేస్తే? రాత్రంతా వెళ్లకుండా ఉండడానికి మర్యాదైన కారణాలు వెతికాను. కావలసినన్ని దొరికాయి. ఒక్కటీ నాకే నచ్చలేదు.

లేబర్ ఆఫీసులో అధికారి బల్లకు ఒక పక్క కుర్చీలు, ఇంకో పక్క గోడవారగా బెంచీ. కుర్చీల్లో మా హెచ్ఆర్ ఆవిడ, ఒడిలో ఫైలుతో. బెంచీ మీద పాపను ఎత్తుకుని ఆ పిల్ల, పక్కన భర్త, అత్తగారు. అధికారి నన్ను చూసి, "మీరెవరమ్మా?" అన్నాడు.

"ఈ అమ్మాయి మేనేజర్నండి."

"అయితే మేనేజ్‌మెంట్ సైడు. అటు కూర్చోండి."

హెచ్ఆర్ ఆవిడ వెంటనే పక్క కుర్చీ లాగి, "రండి మేడమ్, రండి" అంది. ఎప్పటిలాగే ఎంతో మర్యాదగా. అధికారి తప్పేమీ లేదు. మేనేజరు అంటే అటువైపే. కాలేజీలో నేను రాసిన పాఠం ప్రకారం కూడా అటువైపే. ఆ పిల్ల నా వైపు చూసి చూపు పాప మీదికి దించుకుంది. పిలవలేదు.

నేను బెంచీ వైపు నడిచాను.

"అమ్మా, అది కంప్లైంట్ పెట్టినోళ్ల సైడు," అన్నాడు అధికారి.

"తెలుసండి."

"మేడమ్, మీరు మేనేజర్ హోదాలో వచ్చారు కదండి..." అంటోంది హెచ్ఆర్ ఆవిడ.

ఆ పిల్ల పాపను ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుని, బెంచీ మీద కొంచెం జరిగింది. నేను కూర్చున్నాను.